భీమిలికి ఎన్ని బిస్కెట్లు

అయిపోయిన నెలని క్యాలెండరు నుంచి చింపి
తెల్లవైపు పైకి తిప్పి వంటింటి గచ్చు మీద పరిచాను.
పెదవాల్తేరు ఇక్కడ, ఉప్పుడబ్బా మూత దగ్గర.
భీమిలి అక్కడ, నూకాలు మోకాలి కింద.
మధ్యలో రోడ్డు, రోడ్డు పక్కన సముద్రం.
జోడుగుళ్ళపాలెం దాటగానే నీలం స్కెచ్ పెన్ను ఎండిపోయింది.
అక్కణ్ణుంచి సముద్రం ఆకుపచ్చ.

ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివేవాణ్ణి,
అంకెలంటే నాకు బెదురు లేదు.
పాతిక కిలోమీటర్లు. ఒక్కణ్ణయితే గంటన్నర.
ముందు కడ్డీ మీద ఐదున్నరేళ్ళ పిల్ల కూర్చుంటే ఎంతో
ఏ మీటరూ చెప్పదు.

"భీమిలికి ఎన్ని బిస్కెట్లు నాన్నా?"
ఋషికొండ ఎత్తు దగ్గర దిగి సైకిలు నడిపించాలి, అక్కడ రెండు.
తొట్లకొండ మలుపులో ఒకటి.
మంగమారిపేటలో కాళ్ళు తడుపుతాం,
ఇసక చేతుల్తో తినకూడదు, కాబట్టి సున్నా.
కుక్క కనిపిస్తే సగం, కుక్కకే.
నా లెక్క కంటే ఇదే నయం.
దాన్నే రాసుకున్నాను.

దాలినాయుడు చిన్న సీటు బిగించాడు,
ఎవరిదో పాత స్కూటరు ఫుట్‌రెస్టులు కోసి
కాళ్ళు పెట్టుకోను రెండు ముక్కలు కూడా.
"గుంట నిద్దరోతే ఏటి సేస్తావు?"
అడిగాడు, నట్టు పళ్ళ మధ్య పెట్టుకునే.
పొద్దుటి నుంచీ నేను ఆలోచించనిది అదొక్కటే.
నిద్రపోయిన పిల్ల
మెలకువగా ఉన్న పిల్లకి రెండింతల బరువు.
తూకం రాళ్ళు ఒప్పుకోవు.
మోసిన భుజాన్ని అడగండి.

రాత్రి పడక ఎర్రయ్య వాళ్ళ డాబా మీద.
దోమతెరకి నాలుగు మేకులు కొట్టేశాడట,
చందువా చేప పులుసు అంటున్నాడు,
ఆ పిల్ల ముల్లు తియ్యకుండా తినదని
ఎలా చెప్పను?

ఇందుమతి ఏమీ అనలేదు.
ఎంతసేపు అనలేదంటే పప్పు రెండుసార్లు పొంగింది.
తర్వాత, పొయ్యి వైపు తిరిగే అంది,
"గాలి ఎటునుంచి?"
పెద్ద తుపాను ఏడాది మా రేకులు
ఎదురువీధి వేపచెట్టులో దొరికాయి.
గాలి సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఊరికే అడగరు.

నిజమే. కార్తీకంలో ఈశాన్యపు గాలి,
భీమిలికి వెళ్ళేవాడి రొమ్ము మీద చెయ్యేసి వెనక్కి నెడుతుంది.
ఫాల్గుణం వస్తే
అదే గాలి వెనకనుంచి వచ్చి సీటు పట్టుకుంటుంది.
కార్తీక పున్నమి కొట్టేసి ఫాల్గుణ పున్నమి అని రాశాను.

నూకాలు ఏడవలేదు. తన కాళ్ళ వైపు చూసుకుంది.
"అప్పటికి పెడలు అందుతుందా?"
నేను కాగితం మడత పెట్టడంలో ఉండిపోయాను.

సంచీ మాత్రం సర్దేసింది.
టార్చిలైటు. దిండు బరువని దిండుగలీబు ఒక్కటే.
ఒక గవ్వ, "అది అక్కడిదే నాన్నా, దింపేసి వద్దాం."

శనివారం రాత్రి మా మేడ మీదే పడుకున్నాం.
రిహార్సలు అన్నాను, దానికా మాట నచ్చింది.
ఇరవై రెండు మెట్లు సైకిలు ఎత్తించింది,
లేకపోతే ప్రయాణం ఎలా అవుతుంది?
స్టాండు వేసి, చాప పరిచి,
చీర అంచులు పిట్టగోడ మీద ఇటుకలతో అదిమి
గుడారం కట్టాం.
చేపల వాసన, దూరంగా హార్బరులో ఓడ కూత,
ఎవరింట్లోనో మోటారు ఆపడం మర్చిపోయారు,
నీళ్ళు కారుతూనే ఉన్నాయి
(మూడు యూనిట్లు, అనుకున్నాను. అలవాటు).

ఏ జామునో కళ్ళు తెరవకుండానే అడిగింది,
"భీమిలి వచ్చిందా?"
"ఇంకా నాలుగు బిస్కెట్లు."
"ఊఁ," అని అటు తిరిగి నిద్రపోయింది,
ఒక కాలు నా పొట్ట మీద వేసి,
తొక్కుతున్నట్టు.

అప్పుడు మెట్ల మీద గాజుల చప్పుడు.
దుప్పటి తెచ్చింది ఇందుమతి.
పిల్లకి కప్పింది. వెళ్ళిపోతుందనుకున్నాను.
చీకట్లో సైకిలు దగ్గర ఆగి
వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసి
అంది మెల్లగా,
"ఇందులో గాలి తక్కువుంది."